అవతలి ఒడ్డున కాలు పెట్టని మనిషి

నాకు అమలాపురంలో ప్రొబేషన్ ఆఫీసరుగా ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా గుంటూరు చుట్టాలందరూ అడిగింది ఒకటే, అదేం ఉద్యోగమే అని. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. మొదటిసారి తప్పు చేసి కోర్టులో దోషి అని తేలినవాణ్ణి, మనిషి మరీ చెడ్డవాడు కాదనిపిస్తే, జడ్జిగారు జైలుకు పంపకుండా ఏడాదిపాటు బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని ఇంటికి పంపేస్తారు. ఆ ఏడాదీ వాడు బుద్ధిగా ఉంటున్నాడో లేదో చూసుకోవడం నా పని. నెలకోసారి వాళ్ళ ఊరు వెళ్ళాలి, పలకరించాలి, మంచీ చెడ్డా విచారించాలి. మా పెద్దమ్మ అంతా విని, "అయితే దొంగల ఇళ్ళకు చుట్టపుచూపుగా వెళ్ళే ఉద్యోగమన్నమాట" అని తేల్చేసింది. నాకు ఒళ్ళు మండింది. అమలాపురంలో దిగిన నెల తిరక్కుండానే ఆవిడ అన్నదాంట్లో సగం నిజమేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. దొంగలు పెద్దగా తగల్లేదు గానీ చుట్టరికం మాత్రం తప్పలేదు.

ఇది తొంభైల నడిమి మాట. నా చేతికొచ్చినవాళ్ళు ఇంచుమించు అందరూ పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు, ఊళ్ళో నలుగురూ నమస్కారం పెట్టేవాళ్ళు, ఒక్క పూట కోపం ఆపుకోలేకపోయినవాళ్ళు. గట్టు మీద ఒరిగిన కొబ్బరిచెట్టు కాయలు ఎవరివన్న దగ్గర సొంత బావమరిది తల పగలగొట్టిన రైతు ఒకాయన. చేలోకి నీళ్ళు వదల్లేదని కాలవ లస్కరును అదే కాలవలోకి తోసిన ఆసామి ఇంకొకాయన. తోడికోడలి వీపు మీద కొబ్బరి మట్ట విరిచిన ఇల్లాలు కూడా ఉంది, ఆవిడ చేతి పులిహోర తిన్నవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు. నేను చేయలేదన్నవాడు ఒక్కడూ లేడు. "ఆయ్, కొట్టేనండి. కానండి..." అని మొదలుపెట్టేవారు. ఆ 'కానండి' తర్వాతి కథ రెండు బొండాలు తాగేదాకా నడిచేది.

బొండాలంటే గుర్తొచ్చింది. మా రూలు ప్రకారం మేము ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు. ఈ రూలు రాసినాయన కోనసీమ ఎప్పుడూ చూసి ఉండడు. వద్దన్నకొద్దీ మొహాలు చిన్నబుచ్చుకునేవారు. మా ఇంట్లో నీళ్ళు తాగరా అండీ, మేం అంత కానివాళ్ళమా అండీ అని అడిగితే ఏం చెప్పను? మొదటి ఏడాదంతా కడుపులో కొబ్బరినీళ్ళు గలగలమంటుండగా బస్సుల్లో తిరిగాను.

ఇంకో గుణం కూడా అందరిలోనూ చూశాను. నేనెవరో పక్కింటివాళ్ళకు చెప్పాలంటే వాళ్ళ ప్రాణం పోయేది. కోర్టు తాలూకు అని ఎలా చెప్తారు? అందుకని ఒకచోట నేను జీవిత బీమా ఏజెంటుని, ఇంకోచోట పోలియో చుక్కల ఆవిడని. కొత్తపేట దగ్గర ఒకాయన నన్ను ఏకంగా పెద్దమ్మ కూతురిని చేసేశాడు. నేను వెళ్ళిన పూటే వాళ్ళమ్మాయిని చూసుకోవడానికి మగపెళ్ళివారు వచ్చారు. వాళ్ళ సరసన కూర్చుని, పిల్ల బంగారమండీ, నా చేతుల్లో పెరిగిందండీ అంటూ సొంత మేనత్తకన్నా బాగా చెప్పాను. సంబంధం కుదిరింది కూడా.

అన్నిటికన్నా విచిత్రమైన గుణం ఇంకొకటుంది. ఒక్కసారి చట్టం చేతిలో పడ్డ మనిషి ఆ తర్వాత చట్టం అడగనిది కూడా పాటిస్తాడు. ద్రాక్షారామం గుడికి వెళ్ళి రావడానికి నా అనుమతి అడిగినవాళ్ళున్నారు. ఇంట్లో కోడిని కొయ్యొచ్చా అని అడిగినాయన ఉన్నాడు. నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. ఈ గుణం ముదిరిపోతే ఎలా ఉంటుందో చూపించినవాడు మాత్రం పడవాయన.

దిండికి కాస్త ఎగువన ఒక చిన్న రేవుండేది. అక్కడ గోదావరి దాటితే పశ్చిమ గోదావరి జిల్లా. వంతెన ఇంకా రాలేదు. ఆ రేవులో రెండు పడవలు, ఇద్దరు పడవవాళ్ళు, ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళే. మా పడవాయనకు యాభై ఉంటాయి. ఒకరోజు తన పడవెక్కబోతున్న పెళ్ళివారిని పక్కాయన చెయ్యి పట్టుకు లాక్కెళ్ళి తన పడవలో కూర్చోబెట్టుకున్నాడు. ఈయన పడవ తోసే గెడ ఎత్తి పక్కాయన భుజం మీద ఒక్కటి వేశాడు. ఎముక విరిగింది. దెబ్బ తిన్నాయన కోర్టుకొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు, కొట్టినాయన కూడా అవునన్నట్టు ఆయ్ అన్నాడు. ఏడాది పాటు మంచి నడవడి బాండు మీద వదిలి నాకు అప్పగించారు.

అందరి బాండ్లలోనూ ఉన్నట్టే ఆయన బాండులోనూ ఒక ముక్క ఉంది, కోర్టు అనుమతి లేకుండా జిల్లా దాటి వెళ్ళరాదని. అది చదివిన గుమాస్తాకు గానీ, విన్న జడ్జిగారికి గానీ, పక్కన నిలబడ్డ ప్లీడరుకు గానీ, నాకు గానీ, ఈ మనిషి బతుకుతెరువే పొద్దున్నుంచి సాయంత్రం దాకా జిల్లా దాటడమని తట్టలేదు. ఆయనకు ఒక్కడికే తట్టింది. ఆయన నోరెత్తలేదు.

మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు నన్ను గుర్తుపట్టి, పడవ చెక్క మీద తుండుగుడ్డ పరిచి కూర్చోబెట్టాడు. అవతలి ఒడ్డు చేరాక తాడు ఒడ్డు మీదికి విసిరితే ఎవరో అందుకుని గుంజకు కట్టారు. జనమంతా దిగారు. నేనూ దిగి, రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం అన్నాను. ఆయన పడవలోనే నిలబడ్డాడు.

"నేను దిగకూడదు కదండి. అది పశ్చిమ కదండి."

"మరి ఇక్కడిదాకా వచ్చారుగా?"

"పడవ మన జిల్లాదండి. మన పంచాయతీ పడవండి. పడవలో ఉన్నంతసేపూ నేను మన జిల్లాలోనే ఉన్నట్టండి."

నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఒడ్డు మీది టీ కొట్టాయన గ్లాసు పట్టుకుని నీళ్ళదాకా వచ్చి, రోజూ జరిగే పనే అన్నట్టు పడవలోకి అందించి వెళ్ళిపోయాడు. తర్వాత తెలిసింది, మంగలి కూడా పడవలోకే వచ్చి గడ్డం గీసి వెళ్తాడట.

ఆ బాండు అర్థం అది కాదని ఎంత చెప్పాను! ఊరొదిలి పారిపోకూడదనే తప్ప, ఒడ్డున దిగి టీ తాగితే ఎవరూ ఉరి తీయరని. కాకపోతే కోర్టుకు ఒక ముక్క రాసి అనుమతి తెస్తానని కూడా అన్నాను. ఊఁ హూఁ. "మీరు మంచివారు కాబట్టి అలాగంటారండి. రేపు మీరు బదిలీ అయి ఇంకొకరు వస్తేనండి? జడ్జిగారికి మాటిచ్చేనండి" అన్నాడు. మొండితనానికి కూడా 'అండి' తగిలిస్తే ఎదుటివాళ్ళకు కోపం తెచ్చుకునే దారి ఉండదు. ఇది గోదావరి జిల్లాల్లోనే చూశాను. మా వైపు అయితే ఈపాటికి పెద్ద గొడవ అయ్యేది.

రెండో నెలలోనే, నేను ఆయన పడవలో అవతలి ఒడ్డున దిగేసరికి ఆడవాళ్ళు నాకు ఎదురొచ్చి నమస్కారం పెట్టడం మొదలైంది. తర్వాతి నెల ఒకావిడ మల్లెపూలు ఇచ్చింది. ఆ పై నెల ఒక ముసలమ్మ అరటిపళ్ళు చేతిలో పెట్టి, "ఎంత నిష్ఠగా ఉన్నారో చూసేరా అమ్మా, ఒక్కరోజు కూడా కాలు కింద పెట్టలేదు, మేమందరం కనిపెట్టుకునే ఉన్నాం" అంది. మా శాఖకు ప్రజలిచ్చే సహకారం చూసి నా గుండె పొంగిపోయింది. పైవాళ్ళకు చెప్పాలి, ఇలాంటి ఊళ్ళుండాలని అనుకుంటున్నాను. అంతలో ఆ ముసలమ్మ నా చెవి దగ్గరికొచ్చి, స్వామి దగ్గర మా మనవడి పేరు కూడా ఒక్కసారి అనుకో తల్లీ అంది.

ఏ స్వామి? తిరుగు ప్రయాణంలో గట్టిగా నిలదీస్తే పడవాయన నీళ్ళకేసి చూస్తూ అసలు సంగతి చెప్పాడు. ఆయనకు ఒక్కతే కూతురు. తల్లి పోతే ఆ పిల్లను ఈ పడవలోనే పెంచాడు. గొడవకు కొన్నాళ్ళ ముందే ఆ పిల్లను అవతలి ఒడ్డున, రేవుకు కనుచూపు మేరలో ఉన్న ఇంటికి ఇచ్చాడు. పిల్ల తండ్రి కోర్టు మెట్లెక్కాడని తెలిస్తే అక్కడ పిల్లను చిన్నచూపు చూస్తారని భయం. అందుకని ఐనవిల్లి వినాయకుడికి మొక్కుకున్నానని, ఏడాది నిండేదాకా అవతలి ఒడ్డున కాలు పెట్టనని ఆ ఊరంతటికీ చెప్పేశాడు.

"మరి నేను?"

"మాట తప్పకుండా చూసుకోవడానికి నెలనెలా వచ్చే అమ్మగారని చెప్పేనండి. అందులో అబద్ధం లేదు కదండి."

లేదు మరి. తక్కినది వాళ్ళే ఊహించుకున్నారు. ముందు కోపంతో నా చెవులు వేడెక్కాయి, తర్వాత నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ పడవ ఊగిపోతుంటే ఆయన కంగారుపడి, అంచు పట్టుకోండమ్మా అన్నాడు. ఇక ఆ పైన ఈ ఒడ్డున నేను ప్రభుత్వం, ఆ ఒడ్డున దేవస్థానం. అరటిపళ్ళు మాత్రం రెండు ఒడ్డుల్లోనూ పుచ్చుకున్నాను.

కూతురు రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని రేవుకొచ్చేది. తండ్రి పడవలో కూర్చుని తినేవాడు, ఆమె ఒడ్డున కూర్చుని చూసేది. ఆమెకు మూడో నెలని ఆయన నాకు చెప్పిన రోజు గెడ వేస్తున్నంతసేపూ ఆయన మొహాన నవ్వు పోలేదు. నెలలు నిండేకొద్దీ ఆమె గట్టు దిగడం నెమ్మదించింది. జాగ్రత్తమ్మా, జారుడుగా ఉంది, అక్కడే ఉండు అని ఆయన పడవలోంచి అరిచేవాడు. ఎదురెళ్ళి చెయ్యి అందించడానికి పది అడుగులు. ఆ పది అడుగులూ వెయ్యడు. ఆయన్ని చూస్తే జాలీ వేసేది, తన్నాలనీ అనిపించేది.

నాకు అసలు గుబులు రెండో పడవాయనతో. ఆయనకు అంతా తెలుసు, విరిగింది ఆయన భుజమే. రోజూ ఆ ఒడ్డుకు వెళ్తాడు, ఆ టీ కొట్లోనే కూర్చుంటాడు. ఒక్క మాట జారితే చాలు. ఇద్దరికీ మాటల్లేవు, ఎదురుపడితే చెరో వైపు చూస్తారు. నేను వెళ్ళినప్పుడల్లా ఆయన్నీ పలకరించి, నెప్పి తగ్గిందా అండీ అని అడిగి, మెత్తబడ్డాడేమోనని మొహం చూసేదాన్ని. తగ్గిందండీ అనేవాడు. ఆ మొహంలో ఏమీ కనపడేది కాదు.

కూతురికి తొమ్మిదో నెల వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. చలిమిడి పెట్టి రావడానికి పడవాయన అక్కగారు వెళ్తే సంతోషంగానే పెట్టించుకున్నారు. పిల్లను పురిటికి పంపమని అడగడానికి మళ్ళీ ఆవిడే వెళ్ళేసరికి వియ్యపురాలు కుదరదంది. తల్లి ఎలాగూ లేదు, కన్నతండ్రి ఉండి కూడా గడప తొక్కి పిలవకపోతే మా కోడలు దిక్కులేని పిల్లలా వెళ్ళినట్టుంటుంది, అలా పంపను, మొక్కు తీరలేదంటే పురుడు మేమే పోసుకుంటాం అంది. ఆ కబురు విన్న రాత్రి పిల్ల అన్నం తినలేదట. పడవాయన నాకు ఆ సంగతి చెప్తూ, "దాని తల్లి పోయిన ఇంట్లోనే అది తల్లి కావాలని దాని కోరికండి" అన్నాడు.

నేను ఆగలేదు. ఆయన అడక్కుండానే కోర్టుకెళ్ళి విషయం చెప్పాను. జడ్జిగారు విని, పడవ మన జిల్లాదన్నాడా అని రెండుసార్లు అడిగి నవ్వుకుని, ఆ వారమంతా ఎక్కడికైనా వెళ్ళి రావచ్చని అనుమతి ఇచ్చారు. నేను పెద్ద ఘనకార్యం చేసిన దానిలా రేవుకు పరుగెత్తాను. పడవాయన చేతులు జోడించాడు గానీ మొహం ఇంకా వాడిపోయింది.

"జడ్జిగారు వదిలేరండి. మొక్కు వదలదు కదండి. ఇప్పుడు దిగితే, ఏడాది కాకుండా ఎలా దిగేవని అడుగుతారండి."

అదీ వరస. చట్టం విప్పిన ముడి అబద్ధం మళ్ళీ బిగించింది. అయ్యా, ఇక నిజం చెప్పెయ్యండి అన్నాను. నిజం చెబితే పిల్లను పంపుతారా, పంపినా మళ్ళీ రానిస్తారా అన్నాడు. ఏమైనా సరే ఒకసారి ఒడ్డుదాకా వెళ్ళి వియ్యపురాలిని బతిమాలుకుందామని, నన్ను కూడా తోడు రమ్మన్నాడు.

వెళ్ళాం. కబురు ముందే అందినట్టుంది, వియ్యంకుడు, వియ్యపురాలు, నలుగురు చుట్టాలు రేవులోనే ఉన్నారు. వాళ్ళ వెనక గట్టు మీద కూతురు. రెండో పడవాయన తన పడవ కట్టేసుకుని టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

వియ్యపురాలి చేతిలో పొడుగాటి చెక్క ఉంది. నిండా పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి తెచ్చింది. నీళ్ళలోకి దిగి వచ్చి ఆ చెక్కను పడవలోనే అడ్డంగా పెట్టింది. రాత్రంతా ఆలోచించి ఆవిడ కనిపెట్టిన ఉపాయం అది. "ఇదే మా గడప అనుకోండి అన్నయ్యగారూ. పడవ దిగక్కర్లేదు. ఇది దాటి మా అమ్మాయిని పిలవండి. మీ మొక్కూ చెడదు, మా మర్యాదా చెడదు" అంది. అని నా వైపు తిరిగి, "ఇలా చెయ్యొచ్చా అమ్మగారూ? స్వామికి కోపం రాదు కదా?" అని అడిగింది.

అదీ... అంటూ నసిగాను. వినాయకుడి తరఫున నేను ఏమని చెప్పను? నా తడబాటు చూసి వియ్యంకుడికి అనుమానం వచ్చింది. "అమ్మగారిది గుళ్ళో ఏం ఉద్యోగమండీ?" అని నెమ్మదిగా అడిగాడు. అడిగిన తీరు మర్యాదగానే ఉంది గానీ అందరూ నా మొహంకేసే చూస్తున్నారు.

అప్పుడు టీ కొట్టు దగ్గర్నుంచి రెండో పడవాయన లేచి వచ్చాడు. అయిపోయింది, అనుకున్నాను. ఆయన నీళ్ళ అంచున నిలబడి, వంకరగా అతుక్కున్న ఆ భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని, "మొక్కేనండి. ఆయన మొక్కుకున్నప్పుడు నేను పక్కనే ఉన్నానండి" అన్నాడు.

కోర్టులో నిజం చెప్పి శిక్ష వేయించిన మనిషి రేవులో అబద్ధం చెప్పి కాపాడబోయాడు. పడవాయన ఆయనకేసి చూశాడు. గొడవ తర్వాత వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నేను చూసింది అదే మొదలు. తర్వాత పడవాయన పసుపు రాసిన చెక్కకేసి చూశాడు. దాటడానికి కాలెత్తాడు. దాటలేకపోయాడు. చేతులు జోడించేశాడు.

"చెల్లెమ్మగారూ, పసుపు రాసిన గడప మీద అబద్ధం ఆడలేనండి. మొక్కు లేదండి. కోర్టండి. ఇదిగో, ఈయన భుజం విరగ్గొట్టేనండి. జిల్లా దాటనని జడ్జిగారికి మాటిచ్చేనండి. ఈవిడ నన్ను కనిపెట్టుకుని ఉండే ఆఫీసరమ్మగారండి. మా పిల్లకేమీ తెలీదండి, దాన్నేమీ అనకండి."

గట్టు మీంచి కూతురు, "నాకు తెలుసు నాన్నా, మొదట్నించీ తెలుసు" అంది. ఆ మాటకు ఆయన మొహం నలిగిపోయింది. అన్ని నెలలూ ఆ పిల్ల ఏమీ ఎరగనట్టే అన్నం తెచ్చిపెట్టింది.

వియ్యపురాలు వంగి పడవలోంచి ఆ చెక్క తీసేసింది. ఇంకేముంది, తిరిగి వెళ్ళిపోతోంది అనుకున్నాను. నాకు ఏడుపొచ్చేసింది, నిజంగానే. ఆవిడ ఒడ్డెక్కలేదు. పడవకూ ఒడ్డుకూ మధ్య బురదలో, ఆయన కాలు పడే చోట, ఆ చెక్క పరిచి కాలితో తొక్కి గట్టి చేసింది.

"దేవుడికిచ్చేరో, జడ్జిగారికిచ్చేరో. ఇచ్చిన మాట కోసం, కడుపుతో ఉన్న పిల్ల ఎదురుగా ఉన్నా దిగలేదు మీరు. అలాంటి ఇంటి పిల్లే మాకు కావాలండి. దిగి రండి అన్నయ్యగారూ, కాళ్ళు కడుక్కుందురు గాని."

పడవాయన కదల్లేదు. రెండో పడవాయన అప్పటికే వచ్చి, పడవ ఊగకుండా మంచి భుజంతో అంచు ఆనించి పట్టుకున్నాడు. అయినా కదల్లేదు. నా వైపు తిరిగాడు.

"దిగనా అండి?"

కోనసీమ వచ్చిన దగ్గర్నుంచీ ఆ 'ఆయ్' అనే మాటను నేను ఎంత వెక్కిరించానో మా ఆఫీసులో అందరికీ తెలుసు. నోరు కోసినా అనను అనేదాన్ని.

"ఆయ్," అన్నాను. "దిగండి."